పడి పిండి ఎన్ని గ్రాములు? అనంతపురంలో ఒక నిప్పట్ల యూనిట్ కేస్ స్టడీ

అనంతపురం పాతూరులో ఒక ఇంట్లో నిప్పట్లు (కొన్ని చోట్ల చెక్కలంటారు, బియ్యప్పిండి బిళ్ళల్ని నూనెలో వేయించి చేసేవి) చేసి అమ్ముతారు. అత్త, కోడలు, రోజుకూలికి వచ్చే ఇంకొకామె, ముగ్గురి చేతుల మీదుగా పని నడుస్తుంది. ఊళ్ళో కొన్ని స్వీట్ షాపులకూ, బెంగళూరులో మనవాళ్ళు నడిపే కిరాణా కొట్లకూ సరుకు పోతుంది. ఇలాంటి చిన్న యూనిట్లకు రెసిపీలను తూకంలోకి మార్చి, బ్యాచ్ షీట్ (ఒక్కో విడతకు ఏ దినుసు ఎంతో చూపే కాగితం) రాసిపెట్టడం నా పని. పడుల్నీ (పడి అంటే బియ్యం, పిండి కొలిచే పాత్ర) కప్పుల్నీ గ్రాముల్లోకి మార్చాలంటే చాలామంది ముందు ఒక పట్టిక కోసం వెతుకుతారు. ఆ వంట బాగా కుదిరే చెయ్యి ఎంత పిండి తీస్తోందో ముందు తూచాలి, పట్టిక సంగతి తర్వాత. ఈ ఇంటి పనిలో ఆ తేడా చాలా స్పష్టంగా కనబడింది కాబట్టి మొత్తం రాస్తున్నాను.

వచ్చిన ఫిర్యాదు

బెంగళూరు కొట్టు నుంచి వచ్చిన ఫోన్లతో కథ మొదలైంది. ఒక వారం సరుకు నోట్లో వేసుకుంటే కరకరమంటూ విరుగుతోంది. ఇంకో వారం అదే లేబుల్, అదే ప్యాకెట్, పంటికి లొంగడం లేదు. మరో వారం నిప్పట్లు దారిలోనే పొడైపోయి, ప్యాకెట్ లోపల నూనె మరకలు. ఉప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి చప్పన. ఇంట్లోనేమో బాండ్లిలో వేసిన బిళ్ళ కొన్నిరోజులు అంచులు విచ్చుకుని నూనెలో కలిసిపోయేది. అలాంటి రోజు బాండ్లి నూనె మొత్తం వడగట్టుకోవాల్సి వచ్చేది.

నేను వెళ్ళేసరికి వాళ్ళు నూనె బ్రాండ్ మార్చారు, పిండి మిషన్ మార్చారు, బియ్యం కూడా మార్చి కర్నూలు సోనా పాత బియ్యం తెచ్చారు. పడిని మాత్రం ఎవరూ అనుమానించలేదు. అది పెద్దమ్మ, అంటే ఆ ఇంటి అత్త, కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఉంది, ఆమెకు ముందు వాళ్ళ అత్త చేతిలో ఉంది. "ఇన్నేండ్లుగా ఈ పడితోనే కొలుస్తాండాం. దీంట్లో ఏముంటాదమ్మా తేడా?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. పడిలో తేడా లేదు. పడిలోకి వచ్చి పడే పిండిలో ఉంది.

ముగ్గురూ కొలిచిన తీరు

మొదట పడినే తెలుసుకోవాలి. ఖాళీ పడిని త్రాసు మీద పెట్టి జీరో చేసి, అంచు దాకా నీళ్ళు పోశాం. 1,480 గ్రాములు వచ్చింది. నీళ్ళకు గ్రామూ మిల్లీలీటరూ దాదాపు ఒకటే కాబట్టి, ఆ ఇంటి పడి సుమారు ఒకటిన్నర లీటరు. ఇంకో ఇంటి పడి ఇంతే ఉండాలని లేదు. దేశంలో మెట్రిక్ తూకాలు 1958 నుంచి దశలవారీగా అమలై, అంగట్లో కిలో స్థిరపడింది. వంటింట్లో పడి, సోల, గిద్ద అలాగే నిలిచిపోయాయి, ఎవరింటి పాత్ర వాళ్ళకు కొలత అయింది. అందుకే ఎవరైనా "పడికి ఎన్ని గ్రాములు?" అని ఫోన్లో అడిగితే నేను జవాబు చెప్పను. ముందు నీళ్ళు పోసి తూచమంటాను.

తర్వాత ముగ్గురినీ మామూలుగా ఎలా కొలుస్తారో అలాగే కొలవమన్నాను. ఒకరు కొలిచేటప్పుడు మిగతా ఇద్దరు వంటింట్లో ఉండకూడదన్నది ఒకటే షరతు. ఒకరిని చూస్తే ఇంకొకరి చెయ్యి మారిపోతుంది. ఒకే డబ్బాలోని బియ్యప్పిండి, ఒకే పడి, ఒకే రోజు. ఒక్కొక్కరితో పలుమార్లు కొలిపించాను. ఈ పనిలో సగటు కన్నా ఎంత నుంచి ఎంత దాకా పోతోందన్నదే ముఖ్యం.

కోడలు జల్లెడను నేరుగా పడి మీదనే పట్టి జల్లించింది. పిండి మంచులా పడి నిండింది. చాకు వీపుతో పైన గీసింది. ఫోన్లో కేకుల వీడియోలు చూసి నేర్చుకున్న పద్ధతి అది, శుభ్రంగా చేస్తుంది. ఆమె పడి 740 గ్రాముల దగ్గర తూగింది.

కూలికి వచ్చే అక్క పడిని డబ్బాలోకి గుచ్చి, నేల మీద రెండుసార్లు దబదబా తట్టి, దిగిన చోట ఇంకా పోసి, పైన గోపురంలా నిలిపింది. కొలత అంటే నిండుగా ఉండాలి, తక్కువ పోయకూడదు అన్నది ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న మర్యాద. ఆమె పడి 1,035 గ్రాముల చుట్టుపక్కల వచ్చింది.

పెద్దమ్మ చేసేదాన్ని నేను చాలాసేపు చూశాను. పడి ముంచేముందు మోచేతి దాకా చెయ్యి డబ్బాలోకి పోనిచ్చి, అడుగు పిండిని పైకి తెచ్చి రెండు చుట్లు తిప్పుతుంది. తర్వాత పడిని పక్కవాటంగా ముంచి, పైకి తీసి, డబ్బా అంచుకు ఒకే ఒక్కసారి తాకించి, అరచేత్తో తల గీస్తుంది. అదంతా రెప్పపాటులో అయిపోతుంది. "చెయ్యి ఎందుకు తిప్పుతున్నావు పెద్దమ్మా?" అని అడిగితే, "నేనెక్కడ తిప్పినా?" అంది. ఆమెకు తెలియకుండానే ఆ చెయ్యి డబ్బా పైన ఉన్న వదులు పిండినీ, అడుగున అణిగిపోయిన పిండినీ ఒకటి చేస్తోంది. అందుకే డబ్బా నిండుగా ఉన్నా, అడుగుకు వచ్చినా ఆమె పడి 850 నుంచి 880 లోపలే ఉంది.

740 నుంచి 1,035 అంటే దాదాపు 40 శాతం తేడా. నాలుగు పడుల బ్యాచ్‌లో ఒకరు మూడు కిలోల లోపు పిండి తీస్తున్నారు, ఇంకొకరు నాలుగు కిలోలు దాటిస్తున్నారు. పుస్తకంలో మాత్రం ఇద్దరిదీ "నాలుగు పడులు".

ఆ తేడా నిప్పట్టులో ఏం చేస్తుంది

నిప్పట్లకు ప్రాణం కాచిన నూనె. పిండిలో ఉప్పు, కారం, పప్పుల (పుట్నాల) పిండి, నువ్వులు, దంచిన చెనిక్కాయ (వేరుశనగ) గింజలు కలిపి, పైన కాగిన నూనె పోసి, చేతికి పట్టేలా పిండిని పిసుకుతారు. నూనె పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి, నీళ్ళు పోసినప్పుడు పిండి మరీ బిగిసిపోకుండా ఆపుతుంది. నూనె తగినంత ఉంటే కరకరమంటుంది. తగ్గితే పిండి గట్టిగా కట్టుకుపోయి రాయిలా వేగుతుంది. ఎక్కువైతే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోలేక, బాండ్లిలో విడిపోతాయి.

ఈ ఇంట్లో పడికి ఒక గిద్ద నూనె అని లెక్క. వాళ్ళ గిద్దలో నూనె 80 గ్రాములు తూగింది. నూనెను ఎవరు కొలిచినా అంతే వస్తుంది, ద్రవాన్ని అణచలేం కాబట్టి. ఇప్పుడు ఆ 80 గ్రాముల్ని ముగ్గురి పిండి పక్కన పెట్టండి. కోడలి పడిలో నూనె పిండికి 10.8 శాతం. పెద్దమ్మ పడిలో 9.3 శాతం. అక్క పడిలో 7.7 శాతం. నూనెలో విచ్చుకుపోయిన బ్యాచ్‌లు, పంటికి లొంగని బ్యాచ్‌లు ఎవరు పిండి కొలిచిన రోజులవో అడిగితే, ఇంట్లోవాళ్ళే గుర్తుచేసుకుని చెప్పారు. ఉప్పు కూడా అంతే. పడికి 16 గ్రాములు వేస్తే ఒకరి పిండిలో 2.2 శాతానికి దగ్గర, ఇంకొకరి పిండిలో 1.5. ఆ తేడా నాలుకకు బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ముగ్గురూ ఎవరి పద్ధతిలో వాళ్ళు పొందికగా కొలుస్తున్నారు. ముగ్గురిలో ఎవరు ఒక్కరే కొలిచినా, మిగతా దినుసులు వాళ్ళ చేతికి తగ్గట్టు కుదురుకునేవి. ఆర్డర్లు పెరిగి, ఎవరికి తీరికుంటే వాళ్ళు కొలవడం మొదలయ్యాక గొడవ వచ్చింది.

పడి బియ్యానికి పడిన్నర పిండి

ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించిన విషయం మాటల్లో వచ్చింది. పాతకాలంలో ఎలా చేసేవాళ్ళని పెద్దమ్మను అడిగాను. వాళ్ళ అత్త పిండిని కొలిచేది కాదట. బియ్యం కొలిచి, కడిగి, నీడన ఆరబెట్టి, పట్టించుకొచ్చిన పిండి మొత్తం వాడేసేది. గిద్ద నూనె, ఉప్పు, కారం అన్నీ బియ్యం లెక్కన వేసేది. వ్యాపారం మొదలయ్యాక పదుల కిలోలు ఒకేసారి పట్టించి డబ్బాల్లో పోయడం వచ్చింది. అప్పుడు పెద్దమ్మ తనే ఒక లెక్క కట్టుకుంది: "పడి బియ్యానికి పడిన్నర పిండి వస్తాది. దాన్నిబట్టి నూనె, ఉప్పు తగ్గించుకున్యా."

ఆ మాటను త్రాసు మీద సరిచూశాం. అదే పడితో బియ్యం ముగ్గురి చేతా కొలిపించాను. తల గీసి కొలిస్తే ఎవరు కొలిచినా 1,230 గ్రాములకు కాస్త అటూ ఇటూ. కడిగి ఆరబెట్టాక వాళ్ళ బియ్యంలో తేమ మిగిలి, బరువు ఆరు శాతం దాకా పెరుగుతోంది. అంటే 1,300 గ్రాములు. మిషన్లో కొంచెం పోగా 1,290 అనుకుందాం. దాన్ని ఒకటిన్నరతో భాగిస్తే 860. పెద్దమ్మ చెయ్యి తీస్తున్న పిండి సరిగ్గా ఆ మధ్యనే ఉంది. ఏ త్రాసూ లేకుండా, తన చేతి వాటాన్ని బట్టి ఆమె కట్టుకున్న లెక్క అంత కచ్చితంగా తేలింది. కాగితం మీద ఆ అంకె రాసి చూపించినప్పుడు ఆమె కళ్ళలో సంతోషం చూసి, ఆ రోజు పని అక్కడితో ఆపి టీ తాగాం.

పడి గింజల కోసం పుట్టిన కొలత. గింజ గట్టిది, దాని మధ్య గాలి ఎంత ఉండాలో దాని ఆకారమే నిర్ణయిస్తుంది. తట్టినా కొద్దిగా దిగుతుంది, అంతే. పిండి అలా కాదు. జల్లిస్తే గాలి నిండుతుంది, డబ్బాలో నాలుగు రోజులుంటే తన బరువుకే అణుగుతుంది, మిషన్ నుంచి ఆటోలో గుంతల రోడ్డు మీద వస్తే ఇంటికి చేరేలోపే దిగిపోతుంది. ఎంత మెత్తగా పట్టించారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. మిషన్ రాళ్ళకు కొత్తగా గాట్లు పెట్టించినప్పటి పిండి ఒకలా ఉంటుంది, అరిగిన రాళ్ళ పిండి ఇంకోలా ఉంటుంది. గింజకు కుదిరిన కొలతను పిండికి వాడడం దగ్గరే చిక్కు మొదలైంది.

పట్టికలు ఎందుకు వాడలేదు

కోడలు నేను రాకముందే ఫోన్లో వెతికి ఒక అంకె రాసుకుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఒక కప్పు బియ్యప్పిండి 158 గ్రాములు. కింగ్ ఆర్థర్ అనే అమెరికా పిండి కంపెనీ పట్టికలో 142 గ్రాములు. రెండూ నమ్మదగిన చోట్లే. కానీ వాళ్ళ పిండి వేరు, నింపిన తీరు వేరు. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు కాబట్టి, ఈ ఇంటి పడి ఆరుంపావు కప్పులు. ఒక పట్టిక ప్రకారం పడికి 888 గ్రాములు, ఇంకోదాని ప్రకారం 988. రెండింటి మధ్యే వంద గ్రాముల తేడా ఉంది. ఏది తీసుకున్నా వాళ్ళ నిప్పట్లు మారిపోయేవి.

మైదాకూ ఇదే సంగతి. ఒక పట్టిక కప్పుకు 120 అంటుంది, ఇంకోటి 125 అంటుంది. స్పూనుతో మెల్లగా నింపి గీస్తే ఆ దరిదాపుల్లో వస్తుంది. కప్పునే డబ్బాలోకి గుచ్చి తీస్తే 140 దాటుతుంది. ఎవరో చేసిన రెసిపీని మొదటిసారి ప్రయత్నించేటప్పుడు పట్టిక పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ మన చేతికి ఇంకా అలవాటు లేదు. తరతరాలుగా ఇంట్లో చేస్తున్న వంటకు మాత్రం పట్టిక పెట్టడం అన్యాయం. దానికి అసలైన పట్టిక ఆ ఇంట్లోనే ఉంది.

ఖరారు చేసిన పద్ధతి

పెద్దమ్మ పడి 860 కాబట్టి అదే రాసేసుకుంటే సరిపోయేది కదా అనవచ్చు. నేను అలా రాయలేదు. ఆమె చేతి కొలతే ఉత్తమం అని ఆమె మీద గౌరవంతో ఒప్పుకోవడం వేరు, నిప్పట్టు తిని ఒప్పుకోవడం వేరు. అందుకని 800, 860, 920 గ్రాముల పిండితో మూడు చిన్న బ్యాచ్‌లు చేయించాం. మిగతా దినుసులన్నీ తూచి, మూడింటికీ ఒకటే. వేగాక ప్లేట్ల అడుగున గుర్తులు పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ముగ్గురికీ ఇచ్చాను. మరుసటి రోజు కూడా తినమన్నాను, ఎందుకంటే వేడిమీద ఏ నిప్పట్టైనా బాగుంటుంది, చల్లారి ప్యాకెట్లో ఒక రాత్రి ఉన్నాకే దాని అసలు గుణం బయటపడుతుంది. పెద్దమ్మ, కూలికి వచ్చే అక్క 860 ప్లేటునే ఎంచుకున్నారు. కోడలికి 800 ప్లేటు నచ్చింది, ఇంకా గుల్లగా ఉందని. అయితే 800 ప్లేటులో అంచులు విరిగినవి ఎక్కువ. బెంగళూరు బస్సులో పోయే సరుకుకు అది పనికిరాదని ఆమే అంది.

అప్పుడు పిండిని 100 అనుకుని మిగతావన్నీ శాతాల్లోకి మార్చాం. బేకరీల్లో ఇదే పద్ధతి వాడతారు, మన పిండివంటలకూ చక్కగా సరిపోతుంది. బ్యాచ్ చిన్నదైనా పెద్దదైనా లెక్క చెడదు. 5 కిలోల బియ్యప్పిండికి షీట్ ఇలా తేలింది: పప్పుల పిండి 580 గ్రాములు, దంచిన చెనిక్కాయ గింజలు 750, నువ్వులు 145, కారం 70, ఉప్పు 93, కాచి పోసే నూనె 465. నీళ్ళు 2.8 కిలోల నుంచి 3 కిలోల దాకా. అన్నీ కలిపితే ముద్ద 10 కిలోల దగ్గర ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. కారం పొడి, ఉప్పు కూడా స్పూన్ల నుంచి గ్రాముల్లోకి వచ్చాయి. ఇంట్లో ఒకరోజు రాళ్ళ ఉప్పు దంచి వేసేవాళ్ళు, ఒకరోజు ప్యాకెట్ ఉప్పు. రాళ్ళ ఉప్పు ముతకగా ఉంటే అదే స్పూనులో తక్కువ బరువు పడుతుంది. చప్పన అన్న ఫిర్యాదుల్లో కొన్ని దీని వాటా.

ముద్ద తయారయ్యాక బిళ్ళను 15 గ్రాములకు తూచి, అంతే ఉండలు చేయడం మొదలుపెట్టారు. మొదట్లో ప్రతి ఉండా తూచాలన్న టెన్షన్ పెట్టుకున్నారు. అది అక్కర్లేదు. పది ఉండలు కలిపి 150 గ్రాములు వస్తున్నాయా అని మధ్యమధ్యలో చూసుకుంటే చాలు, చెయ్యి త్వరగా దారికి వస్తుంది. వేగేటప్పుడు నీళ్ళు పోయి, నూనె కొంత పట్టి, 15 గ్రాముల బిళ్ళ 11 గ్రాములకు పైన మిగులుతోంది. కాబట్టి 250 గ్రాముల ప్యాకెట్‌కు 22 నిప్పట్లు, ఒక్కోసారి 23. ఇంతకుముందు ప్యాకెట్‌కు ఇరవై అని లెక్కపెట్టి వేసేవాళ్ళు, బరువు ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారేది. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద నికర బరువు వేయాలి. వేసిన బరువు లోపల ఉండాలి. పిండి తూకం కుదరకుండా చివర్లో ప్యాకెట్ తూకం ఒక్కటే సరిచేయడం చాలా శ్రమ.

తూకం పట్టుకోలేనిది: తేమ

గ్రాములు రాగానే అన్నీ సర్దుకుంటాయని ఎవరికీ నేను చెప్పను. త్రాసు పిండినీ, పిండిలో దాగిన నీటినీ కలిపే తూస్తుంది. ఈ ఇంట్లో బియ్యం కడిగి ఆరబెట్టి పట్టిస్తారు కాబట్టి అది చిన్న విషయం కాదు. అనంతపురం ఎండలో ఏప్రిల్ నెలలో గుడ్డ మీద పరిచిన బియ్యం గంటల్లో గలగలలాడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో సాయంత్రం దాకా చేతికి తడి తగులుతూనే ఉంటుంది. రెండు రోజుల పిండీ 5 కిలోలే తూగుతుంది, లోపలి నీళ్ళు మాత్రం వేరు.

దీనికి మేం పెట్టుకున్న ఉపాయం పిండి దగ్గర కాకుండా బియ్యం దగ్గర తూచడం. పొడి బియ్యం 5 కిలోలు తూచి కడుగుతారు. ఆరబెట్టిన తర్వాత మళ్ళీ తూస్తారు. 5 కిలోల 300 గ్రాములకు వస్తే మిషన్‌కు పంపాలి. ఇంకా బరువుంటే ఇంకాసేపు ఆరనివ్వాలి. మామూలు బియ్యంలో 12 శాతం తేమ ఉందనుకుంటే, ఆ 300 గ్రాములు కలిసినప్పుడు తేమ 17 శాతం చుట్టుపక్కల ఉంటుంది. ఏ మీటరూ అక్కర్లేదు. అలా తేమ ఉన్న పిండి నిల్వకు ఆగదు, పుల్లటి వాసన వస్తుంది. పట్టించిన రోజే, లేదా మరునాటికి వాడేయాలి. అందువల్ల పదుల కిలోలు ఒకేసారి పట్టించే అలవాటును కూడా మానుకోమని చెప్పాను. వాళ్ళకు అది కొంచెం ఇబ్బంది, మిషన్ దగ్గరికి మాటిమాటికీ వెళ్ళాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మనకు ముందు ఎవరైనా రాగులు పట్టించుకుంటే, మొదటి రెండు గుప్పిళ్ళ పిండి ఎర్రగా వస్తుంది, దాన్ని పక్కన తీసిపెట్టుకోవాలి.

నీళ్ళను షీట్‌లో ఒక అంకెగా రాయకపోవడానికి కారణం కూడా ఇదే. 2.8 నుంచి 3 కిలోలు అని హద్దులు రాశాం. ముందు 2.8 కిలోలు తూచి కలపాలి, మిగతాది పెద్దమ్మ చెయ్యి చెప్పినట్టు చిలకరించాలి. "త్రాసు చూసి చేస్తే చేతికి తెలిసింది పోతాదేమో" అని ఆమె మొదట్లో భయపడింది. ముద్ద దగ్గర ఆమె చెయ్యే పెద్దరికం చేస్తోంది. ఎన్ని నీళ్ళు పట్టాయో ఏ రోజుకారోజు షీట్‌లో రాయమన్నాను. కోడలు రాస్తోంది.

త్రాసు గురించి రెండు మాటలు

వంటింటికి 10 కిలోల దాకా తూచి, ఒక గ్రాము దాకా చూపే ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. అది సరిగ్గా ఉందా లేదా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. చాలా నూనె ప్యాకెట్ల మీద 1 లీటర్ అనీ, పక్కనే 910 గ్రాములనీ అచ్చు ఉంటుంది. ఆ ప్యాకెట్‌ను పెడితే కవరు బరువు కలిపి 910కి కొద్దిగా పైన చూపాలి. లీటరు నూనె కిలో కాదని కూడా ఆ అచ్చే చెబుతుంది. నూనెను మిల్లీలీటర్లలో కొలిచి గ్రాములని రాసుకునేవాళ్ళు ఇది తప్పక చూడాలి. త్రాసును ఫ్యాన్ కింద పెట్టొద్దు, అంకెలు ఆడుతూనే ఉంటాయి. పొయ్యి పక్కన అసలే వద్దు. సరుకు అమ్మడానికి వాడే త్రాసు వేరుగా ఉండాలి, దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించుకోవాలి.

వంట సోడా, ఈస్ట్ లాంటివి ఈ త్రాసు మీద తూచవద్దు. రెండు గ్రాములు తూచబోతే ఒక గ్రాము అటూ ఇటూ పోతుంది, అంటే సగం తప్పు. వాటికి చెంచా కొలతే మేలు, లేదా 0.1 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు కొనుక్కోవాలి.

కోడలి రాగి బిస్కెట్లు

నిప్పట్ల పని ఒక దారికి వచ్చాక కోడలు తన రాగి బిస్కెట్ల రెసిపీ తెచ్చింది. అంతా కప్పుల్లో ఉంది. ఆమెకు ఉన్న బెంగ, తను కొన్న కప్పు 250 మిల్లీలీటర్లదని, వీడియోలో చేసి చూపినామె కప్పు 240 అయి ఉంటుందని. ఆ రెండింటి మధ్య తేడా నాలుగు శాతం. అమెరికా కప్పుతో పోల్చినా ఆరు శాతం లోపే. చేతి తేడా నలభై శాతం దాకా పోవడం మనం చూశాం. కాబట్టి కప్పు కొలత గురించి అంత బెంగ వద్దు, నింపే తీరు మీద శ్రద్ధ పెట్టు అని చెప్పాను. అమెరికాలో 1896 ప్రాంతంలో ఫానీ ఫార్మర్ అనే వంట టీచర్ కప్పునూ స్పూన్‌నూ తల గీసి కొలవడం ప్రచారంలోకి తెచ్చారు. ఆ దేశపు కప్పు రెసిపీలు ఆ క్రమశిక్షణ మీద నిలబడ్డవి. కాబట్టి అలాంటి రెసిపీ ఎదురైతే స్పూనుతో నింపి, అణచకుండా, గీసి, ఆ కప్పును వెంటనే తూచి, ఆ గ్రాములే రాసుకోవాలి. రెండోసారి నుంచి కప్పు జోలికి వెళ్ళకూడదు.

రాగిపిండి అంకెను మైదా నుంచి అరువు తెచ్చుకోకూడదు. మిషన్లో పట్టించిన రాగిపిండి, మొలకెత్తించి ఆరబెట్టిన రాగుల పిండి కూడా ఒకేలా తూగవు. కోడలు రెండూ వాడుతుంది. రెండింటికీ వేర్వేరు షీట్లు పెట్టుకోమన్నాను.

ఇప్పటి పరిస్థితి

నూనెలో విచ్చుకుపోవడం ఆగింది. రాయిలా ఉన్నాయన్న ఫోన్లు రావడం లేదు. ఉప్పు మీద మాట రాలేదు. బాండ్లి నూనె మధ్యలో వడగట్టే పని తప్పడంతో కూలికి వచ్చే అక్క చాలా తేలికపడింది, ఇప్పుడు త్రాసు ముందు కూర్చునేది ఎక్కువగా ఆమే. పిండి ఇంత, నూనె ఇంత అని తెలిసేసరికి ప్యాకెట్ ఖర్చు ఎంత పడుతోందో మొదటిసారి లెక్క కట్టగలిగారు. అందులో చెనిక్కాయ గింజల వాటా వాళ్ళు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువని తేలింది.

ఇంకా కుదరనిది గింజలు దంచే తీరు. తూకం ఒకటే అయినా, మరీ నలిగితే గింజల నూనె బయటికి వచ్చి ముద్ద మెత్తబడుతోంది. పలుకు పలుకుగా ఉంటే బిళ్ళ తట్టేటప్పుడు అంచు చీలుతోంది. దీన్ని త్రాసు పట్టుకోలేదు. పెద్ద రంధ్రాల జల్లెడ ఒకటి, చిన్న రంధ్రాలది ఒకటి తీసుకుని, పెద్దదానిలోంచి జారి చిన్నదాని మీద నిలిచిన పలుకులే వాడి చూద్దామనుకున్నాం. జల్లెడలు తెచ్చారు. నలిగిన పొడిని పారేయకుండా కారప్పొడిలోకి వాడుకుంటామని పెద్దమ్మ అప్పుడే చెప్పేసింది. దసరా ఆర్డర్లు మొదలయ్యేలోపు ఆ పని తేల్చుకోవాలి.